డాబా మీద వెలుగు ముగ్గు: లాంగ్ ఎక్స్‌పోజర్‌తో నా అనుభవం

లాంగ్ ఎక్స్‌పోజర్ అంటే కెమెరాలోకి వెలుగును వదిలే షట్టర్‌ని సెకన్లు, నిమిషాల పాటు తెరిచి ఉంచి ఫొటో తీయడం. హైదరాబాద్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిని అలా రాత్రిపూట తీయాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట చెబుతాను. షట్టర్‌ని 30 సెకన్లు తెరిచి పెట్టకండి. 2020లో మొదలైన ఆ వంతెన తీగల మీద లైట్లు రంగులు మారుతూ ఉంటాయి. అర నిమిషంలో ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ అదే తీగ మీద పడి, ఫొటోలో ఏ రంగూ కాని పాలిపోయిన తెలుపు మిగులుతుంది. నాలుగైదు సెకన్లు చాలు. ఒక రంగు నిలబడ్డప్పుడు చూసి నొక్కాలి. ఆ కాస్త సేపటికే చెరువు నీళ్లు నున్నగా కనిపిస్తాయి, రంగు వాటి మీద కిందికంటా సాగుతుంది.

నేను ఈ రకం ఫొటోల్లోకి వచ్చింది ఆ చెరువు గట్టు మీంచే. చేతిలో ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్, దానితో పాటు వచ్చిన 18-55 లెన్స్. కొత్తగా కొన్నవి రెండే. ఒకటి కాస్త బరువున్న ట్రైపాడ్. రెండోది కోఠి గుజరాతీ గల్లీలో దొరికిన వైరు రిమోట్. రిమోట్ కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి: బటన్ నొక్కి ముందుకు జరిపితే అది నొక్కినట్టే నిలిచిపోవాలి. చాలా కెమెరాల్లో షట్టర్ స్పీడు 30 సెకన్లతో ఆగిపోతుంది. అంతకు మించి కావాలంటే బల్బ్ మోడ్ పెట్టి, మనం వదిలేదాకా షట్టర్ తెరిచే ఉంచాలి. దాన్ని రెండు నిమిషాలు వేలితో పట్టుకుని కూర్చోలేం కదా.

చార్మినార్ దగ్గర తెలిసినవాళ్ల గాజుల దుకాణం ఉంది. దాని పైఅంతస్తు కిటికీ దగ్గర ట్రైపాడ్ పెట్టుకోనిచ్చారు. కట్టడం లోపలికి ట్రైపాడ్ తీసుకెళ్లాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. కింద రోడ్డు మీద పెడితే నడిచేవాళ్లకు అడ్డం. పొద్దు గూకే వేళ లెన్స్ ముందు పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ బిగించాను. నల్ల అద్దం లాంటి ఆ ఫిల్టర్ ఒక్కో స్టాపుకు వెలుగును సగం చేస్తూ మొత్తం మీద సుమారు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. సెకనులో ముప్పయ్యో వంతు సరిపోయే చోట 30 సెకన్లు పైచిలుకు తెరవాల్సి వస్తుంది. ఆ ఫొటోలో చార్మినార్ ముందు జనమే లేరు! వందల మంది నడుస్తూనే ఉన్నారు, కానీ ఎవరూ ఒక చోట అర నిమిషం నిలబడలేదు కాబట్టి ఎవరూ ఫొటోలో పడలేదు. బండి దగ్గర కదలకుండా కూర్చున్న పండ్లాయన మాత్రం స్పష్టంగా ఉన్నాడు. 1838లో, ఫొటోగ్రఫీ తొలినాళ్లలో, డగేర్ అనే ఫ్రెంచి ఆవిష్కర్త పారిస్ వీధిని తీసినప్పుడు జరిగింది ఇదే. నిమిషాల పాటు సాగిన ఎక్స్‌పోజర్‌లో బండ్లూ మనుషులూ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒక మనిషి మాత్రం మిగిలాడు. ఆ సంగతి చదివే ఉన్నాను. అయినా మన ఊళ్లో, మన కళ్ల ముందు జరిగితే ఆ ఆనందం వేరు.

అప్పటిదాకా వెలుగు ఊరిది. నేను చేసిందల్లా కాలాన్ని కొలవడం. టార్చిలైటు చేతిలోకి వచ్చాక లెక్క మారింది. ఈ రాతంతా ఆ లెక్క గురించే.

లైట్ పెయింటింగ్ అంటే చీకట్లో షట్టర్ తెరిచి పెట్టి, కెమెరా వైపు టార్చి చూపిస్తూ గాల్లో గీతలు గీయడం, లేదా టార్చిని ఒక వస్తువు మీదికి తిప్పి వెలుగుతో దాన్ని తడమడం. మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న: ఎన్ని సెకన్లు పెట్టాలి? ఆ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు, ఎందుకంటే ఆ ఒక్క ఫ్రేములో రెండు ఎక్స్‌పోజర్లు జరుగుతుంటాయి. ఆకాశం, నీళ్ల ట్యాంకు, పక్క బిల్డింగు ఎంత వెలుగుతో కనపడాలన్నది షట్టర్ తెరిచిన సమయం మీద ఆధారపడుతుంది. టార్చి గీసే గీతకు ఆ సమయంతో పని లేదు. గీతలో ఒక్కో చుక్క మీద టార్చి నిలిచేది రెప్పపాటే. షట్టర్ 30 సెకన్లున్నా, మూడు నిమిషాలున్నా ఆ గీత అంతే వెలుగుతో ఉంటుంది. గీత మరీ మండిపోయి తెల్లగా వస్తుంటే అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, కాస్త మూయాలి, లేదా టార్చి ముందు టిష్యూ పేపర్ మడత పెట్టాలి, లేదా చెయ్యి వేగంగా కదపాలి. అందుకే నేను ముందు గీత కోసం అపర్చర్ చూసుకుంటాను. చుట్టుపక్కల కోసం సమయం ఎంతో తర్వాత తేలుస్తాను. ఈ వరుస పట్టుకున్నాక నా ఫొటోల్లో అదృష్టం వంతు బాగా తగ్గిపోయింది.

మేముండేది మల్కాజిగిరిలో. ఎఫ్/8 లాంటివి అపర్చర్ కొలతలు, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఐఎస్ఓ అంటే వెలుగును పట్టే సెన్సర్ ఎంత సున్నితంగా ఉండాలో చెప్పే అంకె. రాత్రి పది దాటాక మా డాబా మీద ఎఫ్/8, ఐఎస్ఓ 100, 30 సెకన్లు పెడితే ఆకాశం ముదురు నారింజ రంగులో, ట్యాంకు అంచులు కనీ కనపడనట్టుగా వస్తాయి. గీతలకు అది చక్కని వెనకతెర. నగరంలో పూర్తి చీకటి దొరకదని బాధపడేవాళ్లున్నారు గానీ, నాకైతే ఈ కొద్దిపాటి వెలుగు ఉండటమే ఇష్టం. నల్లటి శూన్యంలో తేలే గీత కన్నా మన ఇంటి మీద, మన ట్యాంకు పక్కన ఉన్న గీతకు అందం ఎక్కువ.

ఫోకస్ గురించి చెప్పాలి, ఎందుకంటే చీకట్లో కెమెరా ఫోకస్ దొరక్క ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. మనం నిలబడబోయే చోట వెలిగించిన టార్చిని పెట్టి, ఆటో ఫోకస్‌తో దాన్ని పట్టుకుని, వెంటనే లెన్స్ మీది మీటను మాన్యువల్‌కి మార్చేయాలి. ఆ తర్వాత ఫోకస్ రింగును ముట్టుకోకూడదు. లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఉంటే ట్రైపాడ్ మీద ఆపేయాలి. లేని వణుకును అది వెతికే ప్రమాదం ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే కంటితో చూసే కిటికీని నల్ల గుడ్డతో కప్పాలి. వెనక వీధి దీపం ఉంటే అక్కడి నుంచి కూడా వెలుగు లోపలికి దూరుతుంది. మనం ముదురు రంగు బట్టలు వేసుకోవాలి, ఆగకుండా కదులుతుండాలి. అప్పుడు ఫ్రేము మధ్యలో తిరుగుతున్నా మనం పడం.

రంగు కోసం ముందు ఒక చవక ఎల్‌ఈడీ స్ట్రిప్పు ప్రయత్నించాను. కంటికి నిండుగా వెలిగింది, ఫొటోలో మాత్రం గీత తెగితెగి చిన్న చిన్న ముక్కలుగా వచ్చింది. ఆ లైట్లు వెలుగు తగ్గించాలన్నా, రంగులు కలపాలన్నా సెకనుకు వందల సార్లు ఆరి వెలుగుతాయి. కంటికి తెలియదు. చెయ్యి కదిలితే కెమెరాకు తెలుస్తుంది. కరెంటుతో వెలిగే సీరియల్ బల్బుల్లోనూ ఇది చాలాసార్లు కనపడుతుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 100 సార్లు వెలుగు ఎక్కి దిగుతుంది. నున్నటి గీత కావాలంటే మామూలు బ్యాటరీ టార్చి పూర్తి వెలుగులో పెట్టి, బొకేలకు చుట్టే రంగు కాగితాన్ని దాని ముందు రబ్బరు బ్యాండుతో బిగిస్తే చాలు. ముక్కల గీత కూడా ఒక్కోసారి బాగుంటుంది, చక్రాల్లా తిప్పినప్పుడు మరీను. ఆ స్ట్రిప్పును అందుకే దాచుకున్నాను.

ఇక ముగ్గు సంగతి. నేను రాత్రిళ్లు డాబా మీద ఏం చేస్తున్నానో చూడ్డానికి అమ్మ పైకి వచ్చింది. కెమెరా వెనక తెరలో నేను గీసిన సున్నాలూ మెలికలూ చూసి, "గీతలో ఊపు లేదు, ఆగి ఆగి గీసినవ్" అంది. నిజమే. టార్చి ఆగిన చోటల్లా వెలుగు పోగై బొట్టులా అవుతుంది. అమ్మకు టార్చి ఇచ్చాను.

డాబా నేల మీద సుద్దతో ఏడు చుక్కల ముగ్గుకు చుక్కలు పెట్టుకుంది. కెమెరాను మెట్ల గది పైకప్పు మీదికి ఎక్కించి కిందికి వంచాను. ఎఫ్/11, ఐఎస్ఓ 100, బల్బ్ మోడ్. టార్చి మొన ఆకాశం వైపు, అంటే కెమెరా వైపు ఉండేలా పట్టుకుని, నేలకు జానెడు ఎత్తులో కదపాలని చెప్పాను. ముందు ప్రతి చుక్క దగ్గరా ఒక్క క్షణం వెలిగించి ఆర్పింది. అవి చుక్కలయ్యాయి. తర్వాత మెలిక మొదలుపెట్టింది. సగం గీశాక టార్చి ఆర్పేసి నిలబడిపోయింది.

"అటు పక్కకు పోవాలంటే గీసినదాన్ని తొక్కాలి కదరా. చెరిగిపోదా?"

"చెరగదమ్మా. ఆ వెలుగు కెమెరాలోకి వెళ్లిపోయింది. నువ్వు చీకట్లో ఉన్నంతసేపూ నువ్వు పడవు."

నమ్మకం కుదరక అంచున్నే చుట్టూ నడిచి అటు వెళ్లింది. రెండోసారికి మధ్యలోంచే నడిచింది. ఏ వాకిట్లోనూ ఎవరినీ ముగ్గు తొక్కనివ్వని మనిషి తన ముగ్గు మీంచే తిరుగుతూ ముగ్గు పూర్తి చేసింది. షట్టర్ మూసిన తర్వాత కెమెరా ఇంకో రెండు నిమిషాలు పలకలేదు. అమ్మకు టెన్షన్, పాడైందేమోనని. ఎంతసేపు ఫొటో తీశామో అంతసేపే కెమెరా షట్టర్ మూసి ఇంకో చీకటి ఫ్రేము తీసుకుంటుంది. సెన్సర్‌లో దానంతటది పుట్టే రంగు చుక్కలను ఆ చీకటి ఫ్రేముతో పోల్చి తీసేస్తుంది. మెనూలో దీన్ని లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అంటారు. సెన్సర్ వేడి ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు పెరిగితే ఈ చుక్కల బెడద సుమారు రెట్టింపు అవుతుంది. మన మే నెల రాత్రుల కన్నా డిసెంబరు, జనవరి రాత్రులు ఈ పనికి ఎంతో మేలు.

తెర మీద ముగ్గు వచ్చింది. చెయ్యి వేగంగా తిరిగిన వంపుల్లో గీత సన్నగా, చుక్క చుట్టూ నెమ్మదించిన చోట మందంగా. పిండితో వేసే ముగ్గులో వేళ్ల మధ్య పిండి ఎలా జారిందో అందులో కనపడుతుంది. ఇందులో చెయ్యి ఎంత వేగంగా వెళ్లిందో కనపడుతోంది. 1914 ప్రాంతంలో అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు పనివాళ్ల చేతులకు చిన్న బల్బులు కట్టి, షట్టర్ తెరిచి పెట్టి, ఏ కదలిక వృథా అవుతుందో ఆ వెలుగు గీతల్లో వెతికారు. అంతకు ముందే, 1889లో మారే, దెమెనీ అనే ఫ్రెంచివాళ్లు మనిషి ఒంటికి బల్బులు కట్టి నడకను ఇలాగే పట్టుకున్నారు. 1949లో ఫొటోగ్రాఫర్ గ్యోన్ మిలి కోసం పికాసో చీకటి గదిలో చిన్న లైటుతో బొమ్మలు గీశాడు. ఆ బొమ్మలు కూడా ఒక ఊపులో, చెయ్యి వెనక్కి తిరిగి చూసుకోకుండా గీసినవే. గీసేటప్పుడు గీసింది కనపడదు. చేతికి దారి ముందే తెలిసి ఉండాలి. యాభై ఏళ్లుగా రోజూ వాకిట్లో వంగిన చేతికి అది తెలుసు. నా ఆల్బంలో నేను పెద్దగా ప్రింటు వేయించింది ఆ ఫొటో ఒక్కటే.

మా అక్క కొడుకుకు అక్షరాల మీద మోజు. వాడు "అమ్మమ్మ" అని రాస్తానన్నాడు. తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి చెయ్యి సాఫీగానే తిరుగుతుంది. తలకట్టు దగ్గర, వత్తు దగ్గర మాత్రం గీత తెంపాలి. స్విచ్ నొక్కుతూ కూర్చుంటే చెయ్యి కదిలిపోతుంది, బొటనవేలితో టార్చి మొహం మూసి తెరవడమే తేలిక. కెమెరా వైపు తిరిగి మామూలుగా రాసేయాలి. ఫొటోలో అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది, తర్వాత కంప్యూటర్లో కుడి ఎడమలు తారుమారు చేసుకోవాలి. కెమెరాకు వీపు పెట్టి రాస్తే మన ఒళ్లే వెలుగుకు అడ్డొస్తుంది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండాలంటే ఒక్కో అక్షరానికి ఒక్కో అడుగు పక్కకు జరగాలి. మావాడు నేల మీద సుద్దతో గళ్లు గీసుకుని దాన్ని సాధించాడు.

దీపావళి అమావాస్య ఈ పనికి తగిన పండగ. కాకరపువ్వొత్తుల వెలుగు చాలా ఎక్కువ, ఎఫ్/16 దాకా మూస్తే గానీ నిప్పురవ్వలు విడివిడిగా కనపడవు. పొగ లేచిన తర్వాత తీస్తే వెలుగంతా మబ్బు కమ్మినట్టవుతుంది, అందుకే టపాకాయల హోరు మొదలయ్యే ముందే మొదటి రెండు ఫ్రేములు అయిపోవాలి. నూలు బట్టలు, పక్కన బకెట్ నీళ్లు, కాలిన పుల్లలు వేయడానికి ఇసుక. ఇవి లేకుండా పిల్లల చేతికి వత్తి ఇవ్వను.

స్టీల్ ఊల్ సంగతి చాలామంది అడుగుతారు. సన్నటి ఇనుప పీచును కాల్చి తాడుతో గిరగిరా తిప్పితే నిప్పుల గొడుగు వస్తుంది. నేను చేయను. కాలిన ఇనుప రవ్వలు చాలా మీటర్ల దూరం ఎగిరి పడతాయి, పడ్డాక కూడా కాసేపు ఎర్రగానే ఉంటాయి. మన గుట్టల మీద సంక్రాంతి దాటితే గడ్డంతా ఎండి ఉంటుంది. ఒక్క రవ్వ చాలు. లెన్స్ అద్దం మీద పడితే గుంట పడుతుంది, అది వేరే సంగతి. ఒక ఫొటో కోసం గుట్ట కాల్చే హక్కు ఎవరికీ లేదని నా గట్టి అభిప్రాయం.

గుట్టలంటే నాకంత ప్రేమ కలగడానికి కారణం కూడా ఈ పనే. ఖాజాగూడ వైపు బండల దగ్గరికి బావ, నేను వెళ్లాం. ఒక్కరం వెళ్లకూడదు. బూట్లు, తలకు హెడ్‌లైటు, పొద్దుండగానే వెళ్లి కాలు పెట్టే చోటు చూసుకోవడం తప్పనిసరి. మేం సప్తమి, అష్టమి రోజులు ఎంచుకుంటాం. శుక్ల పక్షంలో ఆ రోజుల్లో చంద్రుడు అర్ధరాత్రి దాకా పడమటి వైపు ఉంటాడు. సగం చంద్రుడంటే పున్నమి వెలుగులో సగం ఉంటుందనిపిస్తుంది గానీ, నిజానికి సుమారు పదో వంతే. ఆ మాత్రం చాలు, బండ అంచు ఆకాశం నుంచి విడివడి కనపడటానికి.

ఎఫ్/8, ఐఎస్ఓ 200, రెండు నిమిషాలు. కెమెరా పక్కన నిలబడి బండ మీద టార్చి కొడితే బండ చదును గోడలా వచ్చింది. వెలుగు కెమెరా వైపు నుంచి వస్తే నీడలన్నీ గరుకుల వెనక దాక్కుంటాయి. బావ బండకు బాగా పక్కగా వెళ్లి, దాదాపు దాని ఒంటికి ఆనించినట్టు ఏటవాలుగా వెలుగు పాకించాడు. అప్పుడు లేచింది బండ! ప్రతి పగులు, ప్రతి పొర, వాన జారిన మరకలు. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పగలు బైక్ మీద వెళ్తూ చూసే బండ అదేనంటే నమ్మబుద్ధి కాలేదు.

వెలుగును గోడకు సున్నం వేసినట్టు వేయాలి. ఒక పట్టీ మీద ఇంకో పట్టీ కాస్త ఎక్కుతూ, ఎక్కడా ఆగకుండా. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి బండ పై భాగానికి కింది భాగం కన్నా చాలా ఎక్కువసేపు టార్చి తిప్పాలి. బావ దాన్ని మనసులో అంకెలు లెక్కపెడుతూ చేస్తాడు: కింద ఐదు, పైన ఇరవై. టార్చి బల్బు కెమెరాకు కనపడితే అక్కడో తెల్ల గీత పడుతుంది. నల్ల చార్ట్ పేపర్ గొట్టంలా చుట్టి టార్చికి తొడిగితే ఆ బెడద పోతుంది. చైనా ఎల్‌ఈడీ టార్చి వెలుగు నీలంగా ఉండి బండను చచ్చిన రంగులో చూపిస్తుంది. పసుపు కాగితం ఒక పొర అడ్డుపెడితే గ్రానైటులోని గులాబీ రంగు బయటికి వస్తుంది.

రా ఫైల్‌గా, అంటే సెన్సర్ పట్టినదాన్ని కెమెరా మార్చకుండా దాచే ఫైలుగా, తీసుకుంటే రంగు సంగతి తర్వాత కూడా సర్దుకోవచ్చు. నేను చేసేది అంతే, వెలుగు కాస్త, రంగు కాస్త. ఫొటో లోపల లేని వెలుగును కంప్యూటర్లో పెట్టను.

ఫోను తప్ప ఏమీ లేనివాళ్లు కూడా మొదలుపెట్టొచ్చు. చాలా ఫోన్లలో ప్రో మోడ్‌లో షట్టర్‌ని 30 సెకన్ల దాకా పెట్టుకునే వీలుంది. అపర్చర్ మార్చడం కుదరదు కాబట్టి ఐఎస్ఓను అట్టడుగుకు దించి, టార్చికి టిష్యూ పొరలు పెంచుతూ పోవాలి. పది సెకన్ల టైమర్ పెడితే ఫోను ముట్టుకున్న వణుకు ఆగిపోతుంది.

ఇప్పుడు అమ్మకు రథం ముగ్గు కావాలి. కనుమ నాడు వాకిట్లో వేసే రథం, దాని తాడు పక్కింటి రథం దాకా లాగేది. డాబా అంత పొడవు సరిపోదు. కింద సెల్లార్ పార్కింగ్ పొడవుంది గానీ కెమెరా పెట్టడానికి ఎత్తు లేదు. వాహనాలు దిగే వాలు మీద నిచ్చెన వేసి, అక్కడి నుంచి ఏటవాలుగా తీస్తే తాడు ఫ్రేము చివరిదాకా వెళ్తుందని లెక్క వేశాను. దూరపు గీతలు సన్నబడతాయి కాబట్టి అటు చివర చెయ్యి నెమ్మదించాలి, అది అమ్మకు చెప్పాను. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు సంక్రాంతి ముందు ఒక రాత్రి అరగంట సెల్లార్ లైట్లు ఆపిస్తామన్నారు. పక్క ఫ్లాటు ఆంటీ రెండో రథం తను వేస్తానన్నారు. ఇంకో టార్చి కొనాలి.